మా కాళ్ళ మేడని పడగొట్టరట!

పడగొట్టడం లేదు! ముందు ఈ మాట చెప్పేస్తే గాని నాకు ఊపిరాడదు. కొంగలలంకలో మా కాళ్ళ మేడని పడగొట్టడం లేదు!

పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. ఏలూరు నుంచి సుజాత. ఉద్యోగంలో కొత్తగా చేరిన అసిస్టెంట్ ఇంజనీరు అమ్మాయి. "సార్, ఆర్డరు వచ్చేసిందండీ. కూల్చడం క్యాన్సిల్. రిపేరుకి శాంక్షన్ ఇచ్చారండీ. మొదట మీకే చెప్తున్నాను" అంది. నేనేమన్నానో నాకు గుర్తు లేదు. కాఫీ మాత్రం చొక్కా మీద ఒలికింది. నా అరుపు విని మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, "ఎవరు పోయారండీ?" అంది.

"ఎవరూ పోలేదు! ఎవరూ పోవటం లేదు!" అన్నాను.

"మరి ఆ అరుపేంటండీ, పక్కింటివాళ్ళు తొంగి చూస్తున్నారు" అంది. చూడనీ. వాళ్ళకీ చెప్పాను.

ఆ మేడ నేను కట్టింది. పందొమ్మిది వందల యాభైలలో, ఉద్యోగంలో చేరిన కొత్తలో. చదువుకుని డిగ్రీ పట్టుకొచ్చినవాడు మా ఇంట్లో నేనే మొదట. ఇంట్లో ఏమిటి, మా చుట్టుపక్కల లంకల్లోనే నేను మొదట. కొల్లేట్లో నీళ్ళ మధ్య మెరకగా ఉండే ఊళ్ళని లంకలంటారు. మా నాన్న అక్కడ వలేసి చేపలు పట్టేవాడు. నేను కాకినాడ వెళ్ళి ఇంజనీరింగు చదివి వచ్చాను. ఆ సంబరం ఇప్పటికీ నాకు తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

"మాలాంటి కొత్తవాళ్ళ కోసం మీ అనుభవాలు రాసిపెట్టండి సార్" అని సుజాత చాన్నాళ్ళుగా అడుగుతోంది. ఇవాళ రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ ఫైలు ఏ బల్ల మీద ఆగిందో రాయను. అవి మీకూ వస్తాయి, ఆగుతాయి. నేను రాసేది ఒక్కటే: ఒక చోటుకీ, అక్కడ బతికే మనుషులకీ మధ్య మనం కట్టడం ఒకటి తీసుకెళ్ళి నిలబెట్టినప్పుడు ఏం జరుగుతుందో. మన ఉద్యోగమంటే అదే. మిగతాది జీతం.

కన్నాలు పడ్డ షెడ్డు

నా మొదటి పోస్టింగు ఏలూరులో. నా పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పార్థసారథి గారు. ఇస్త్రీ నలగని తెల్ల ప్యాంటు, చేతిలో గొడుగు. మంచి ఇంజనీరు. ఈ మాట నేను ఆయన మీద కోపంతో ఉన్న రోజుల్లోనూ అన్నాను. సిమెంటులో బూడిద కలిపితే వాసన చూసి పట్టేసేవారు. కాకపోతే ఆయనకి గోడలంటే మహా ఇష్టం. ఖాళీ కనపడితే చాలు, అక్కడ గోడ లేపాలనిపించేది ఆయనకి.

ఊళ్ళో తివాచీలు నేసేవాళ్ళకి కొత్త షెడ్డు కట్టాలన్నారు. పాత పాకల్లో చీకట్లో పని చేస్తున్నారు పాపం. పార్థసారథి గారు మంచి షెడ్డు గీశారు. సిమెంటు నేల, ఎత్తయిన కప్పు, పెద్ద పెద్ద కిటికీలు. కాని మగ్గానికీ మగ్గానికీ మధ్య గోడ పెట్టారు. "ఎవరి పని వాళ్ళది. కబుర్లుండవు, దెబ్బలాటలుండవు" అన్నారు.

కొన్నాళ్ళకి వెళ్ళి చూస్తే ప్రతి గోడకీ కన్నం. మగ్గం ముందు కూర్చున్న మనిషి మొహం ఎత్తున, కొబ్బరికాయ పట్టేంత. పార్థసారథి గారికి ఒళ్ళు మండిపోయింది.

"ఎవడయ్యా పగలగొట్టింది?"

ఒక పెద్దాయన చేస్తున్న పని ఆపకుండానే చెప్పాడు. "అందరమూనండీ. గది బావుందండీ, వెలుగు బావుంది, మీ ధర్మమా అని కళ్ళు బతికాయి. కాని పక్కవాడు తుమ్మితే వినపడటం లేదండీ. చిరంజీవ అనకపోతే ఎలాగండీ?"

పార్థసారథి గారు కన్నాలు పూడ్పించారు. మళ్ళీ పడ్డాయి. మళ్ళీ పూడ్పించారు. మళ్ళీ పడ్డాయి. చివరికి ఆ కన్నాలకి నున్నగా అంచులు తీర్చమని మేస్త్రీకి చెప్పి వచ్చేశాం.

దీన్నించి మా ఆఫీసులో అందరూ నేర్చుకున్న పాఠం ఏమిటో తెలుసా? "ఈ జనానికి కొత్త కట్టడాలు పడవు. పాకల్లోనే ఉండనివ్వాలి." నేను నేర్చుకున్నది అది కాదు. వాళ్ళు సిమెంటు మీద కన్నం పెట్టలేదు, కప్పు మీద పెట్టలేదు. ఒక్క గోడతో తగువు పెట్టుకున్నారు. పాక పాతదని ప్రేమించలేదు, పక్కవాడి మాట వినపడుతుందని ప్రేమించారు. ఆ మాట వినపడేలా చేస్తే సిమెంటు షెడ్డయినా వాళ్ళదే. ఇంత చిన్న సంగతి అర్థం చేసుకోకుండా రిటైరైపోయినవాళ్ళని నేను చాలామందిని చూశాను.

వలల దిబ్బ

తర్వాత కొంగలలంక. అక్కడ ఒక పెద్ద హాలు కట్టాలని వచ్చింది. మామూలు రోజుల్లో బడి, వరదొస్తే ఊరంతా తలదాచుకునే చోటు. ఆఫీసులో టైపు డిజైను ఉంది. అంటే అన్ని ఊళ్ళకీ ఒకటే బొమ్మ. పెంటపాడులో వరిచేల మధ్య కట్టినా అదే, కొల్లేటి నడుమ కట్టినా అదే. మట్టి పోసి మెరక చెయ్యి, నాలుగు గోడలు లేపు, రోడ్డువైపు గుమ్మం పెట్టు.

లంకలో అన్నిటికంటే ఎత్తయిన చోటు ఊరి చివరున్న దిబ్బ. సర్వే చేసినవాళ్ళు దాని మీద మేకులు పాతి వచ్చారు. మర్నాటికి మేకులు లేవు. మళ్ళీ పాతారు. ఈసారి దిబ్బ మీద ఊళ్ళో ఆడవాళ్ళంతా కూర్చున్నారు, పిల్లల్నీ గిన్నెల్నీ తెచ్చుకుని.

పార్థసారథి గారు నన్ను పిలిచారు. "ఏవయ్యా, నువ్వూ ఆ నీళ్ళవాడివేగా. వెళ్ళి నచ్చజెప్పు. కాదంటే పోలీసుల్ని పంపాలి."

పడవెక్కి వెళ్ళాను. దిబ్బ మీద అందరికీ ముందు వీరమ్మ గారు. నల్లగా, పొట్టిగా, గొంతు మాత్రం అవతలి లంకకి వినపడేంత. నన్ను ఎగాదిగా చూసి, "ఎవరబ్బాయివి బాబూ?" అంది. చెప్పాను. "ఓహో, ఆయన కొడుకువా. మీ నాన్న మంచివాడే. నీకు ఈ బుద్ధెక్కడ పుట్టింది మరి?"

"పిల్లలకి బడేనండీ, వరదకి అక్కరకొస్తుందండీ" అన్నాను.

"బడొద్దన్నానా? ఇక్కడొద్దన్నాను. ఇది వలల దిబ్బ."

నాకు చెప్పక్కర్లేదు. అప్పట్లో అన్నీ నూలు వలలు. నీళ్ళలోంచి తీసిన వల ఆరకపోతే కుళ్ళిపోతుంది. వల కుళ్ళితే ఇంట్లో పొయ్యి వెలగదు. గాలి నాలుగువైపులా ఆడే చోటు ఊరు మొత్తానికి ఆ దిబ్బ ఒక్కటే. తాతల నాటినుంచి ఊరి వలలన్నీ అక్కడే ఆరేవి. వలలు ఆరేసే దగ్గరే పెళ్ళి మాటలు, తగువులు, రాజీలు. మా లంకలోనూ అలాంటి దిబ్బ ఉంది. నేను అక్షరాలు దిద్దింది దాని మీదే, వల నీడలో.

"మరి హాలు ఎక్కడ కట్టమంటారండీ? మిగతా ఊరంతా మునుగుతుంది కదా" అన్నాను.

"అది నువ్వు చెప్పాలి. చదువుకుంది నేనా?" అంది వీరమ్మ గారు. "బడి కావాలి, దిబ్బ కావాలి. రెండూ ఇచ్చే చదువు చదివావా, ఒకటి లాక్కునే చదువు చదివావా?"

ఆడవాళ్ళంతా నవ్వారు. నాకు చెవులు కాలాయి. తిరుగు ప్రయాణంలో పడవ నడిపేవాడు కూడా నవ్వుతూనే ఉన్నాడు.

కింద గాలికి ఎవడిస్తాడు?

నాకు ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకోవడం కాదు, పట్టుదల వచ్చింది. రెండూ ఇచ్చే చదువే చదివాను నేను! కాలేజీలో ఒక విదేశీ పత్రికలో కొత్తరకం మేడల ఫోటోలు చూసేవాణ్ణి. కింద స్తంభాలు, పైన ఇల్లు, మధ్యలో నేల ఖాళీ. మిగతా కుర్రాళ్ళు "ఇదేం ఇల్లురా, కొంగలా నిలబడింది" అని నవ్వేవారు. నేను నవ్వలేదు. వరదొచ్చే ఊళ్ళో పుట్టినవాడికి ఆ బొమ్మలో నవ్వడానికేం కనపడుతుంది?

కూర్చుని కొత్త బొమ్మ గీశాను. దిబ్బ దిబ్బలాగే ఉంటుంది. దాని మీద కాంక్రీటు స్తంభాలు, మనిషి చెయ్యి పైకెత్తినా తగలనంత ఎత్తున స్లాబు, దాని మీద హాలు. కింద నాలుగువైపులా గాలి. వాన పడుతున్నా వలలు ఆరతాయి. ఇది దిబ్బకి తాతలనాడు కూడా లేని సౌఖ్యం. స్తంభాలు పోసేటప్పుడే ఇనపకడ్డీ వంచి కొక్కేలు పెడతాను, వలలు తగిలించుకోవడానికి. మెట్లు నీళ్ళవైపు, రేవులోకి. ఎందుకంటే లంకలో ఎవరైనా వచ్చేది పడవ మీద. రోడ్డు కాగితం మీద మాత్రమే ఉంది.

పార్థసారథి గారు బొమ్మని చాలాసేపు చూశారు.

"ఇది ఎక్కడ చూశావయ్యా?"

"పుస్తకంలో సార్. కొంత దిబ్బ మీద."

"పైన హాలుకి గవర్నమెంటు డబ్బిస్తుంది. కింద గాలికి ఎవడిస్తాడయ్యా?"

"వరద మట్టం పైకి నేల లేపాలి కదండీ. మట్టి పడవల మీద తెచ్చి పొయ్యాలన్నా, స్తంభాలు లేపాలన్నా ఖర్చు ఇంచుమించు ఒకటేనండీ."

లెక్క సరిచూశారు. ఇంజనీరే కదా, ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూనే బొమ్మ మీద ఎర్ర పెన్సిలుతో స్తంభాల మధ్య గీతలు గీశారు. "స్లాబు పడ్డాక ఇక్కడ ఇటికల గోడలు. పైన నీ హాలు, కింద మన గోడౌను. సిమెంటు బస్తాలు పెట్టుకోవచ్చు."

స్లాబు పడనీ, చూద్దాం అనుకున్నాను.

పని మొదలైంది. నల్లమట్టిలోకి సరుగుడు గుంజలు దింపి పునాది వేశాం. కంకర, ఇసుక, సిమెంటు అన్నీ లంకవాళ్ళ పడవల మీదే వచ్చాయి. కాంక్రీటు చేత్తో కలిపాం. గమేళాలు అందించింది దిబ్బ మీద బైఠాయించిన ఆ ఆడవాళ్ళే. కొక్కేలు పెట్టేటప్పుడు వీరమ్మ గారు స్తంభం దగ్గరకొచ్చి, "ఇంకాస్త పైకి. నువ్వు పొడుగ్గా ఉన్నావని అందరూ పొడుగ్గా ఉంటారా? కాదు కాదు, కిందకి" అని నాలుగుసార్లు మార్పించింది.

స్లాబుకి ఆసరాగా పెట్టిన చెక్కలు విప్పిన రోజు ఊరంతా దూరంగా నిలబడి చూసింది. స్లాబు కింద పడుతుందేమోనని భయం. నేను వెళ్ళి సరిగ్గా మధ్యలో నిలబడ్డాను. పడలేదు. వీరమ్మ గారు వచ్చి ఒక స్తంభాన్ని అరచేత్తో చరిచి, "కాళ్ళొచ్చాయే మేడకి!" అంది. పేరు అలా పడింది. వారం తిరక్కుండా కొక్కేలన్నిటికీ వలలు.

అప్పుడొచ్చింది పార్థసారథి గారి ఆర్డరు. గోడలు మొదలుపెట్టు.

బోర్లించిన పడవలు

గోడలు కట్టడం కుదరదని రాశాను. కారణం కూడా రాశాను: గోడలు కడితే దిబ్బ పోతుంది, దిబ్బ పోతే ఈ హాలుని ఈ ఊరు తనదనుకోదు. జవాబుగా షోకాజ్ నోటీసు వచ్చింది. ఉద్యోగం ఎందుకు తీసెయ్యకూడదో చెప్పమని.

మా వంశంలో నెల తిరిగేసరికి జీతమనేది తెచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నా చదువు కోసం మా అమ్మ మెడలో నానుతాడు అమ్మింది. అది పోతే? ఇంటికి వెళ్ళి నాన్నకి చెప్పాను. నాన్న వల బాగుచేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"గోడ కట్టనన్నావా?"

"అన్నాను నాన్నా."

"మంచిది."

"ఉద్యోగం పోతుందేమో."

"పోతే పోనీ. వల ఎక్కడికీ పోలేదుగా" అన్నాడు. వల ముడి బిగిస్తూ, "కట్టావని తెలిసుంటే నేనే ఆ దిబ్బ మీదకి మొహం చూపించలేకపోయేవాణ్ణిరా" అన్నాడు.

నాకింక భయమెక్కడుంది?

నన్ను పక్కనపెట్టి పార్థసారథి గారే ఇటికలు పురమాయించారు. ఇటికలు గట్టు దాకా బళ్ళ మీద వచ్చాయి. అక్కణ్ణించి లంకకి పడవల మీద రావాలి. పెద్ద పడవలు లంకవాళ్ళవే. తెల్లారి చూస్తే పెద్ద పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి, తారు పూసి, నల్లగా నిగనిగలాడుతూ. చేపలకి వెళ్ళడానికి తాటి దోనెలు మాత్రం నీళ్ళలో ఉన్నాయి. తాటిమాను తొలిచి చేసిన దోనెలో ఒక మనిషి, ఒక వల పడతాయి. ఇటికలు పట్టవు.

ఇటికలు గట్టు మీదే ఉండిపోయాయి. పార్థసారథి గారు స్వయంగా వచ్చారు. జీపు గట్టు చివర ఆగింది. అక్కణ్ణించి ఒక దోనె మీద వణుకుతూ మేడ వెనకవైపు దిగారు. మెట్లు లేవు. ఇటు తిరిగారు, అటు తిరిగారు. బురదలో బూటు దిగబడింది.

పైనుంచి వీరమ్మ గారి గొంతు: "అయ్యగారూ, అటు వీపండీ. మొహం ఇటుంది. తిరిగి రండి."

వచ్చారు. తెల్ల ప్యాంటు మోకాళ్ళ దాకా నల్లబడింది. ఆరుతున్న వలల కిందనుంచి వంగి వంగి వచ్చి నా ముందు నిలబడ్డారు.

"మెట్లు నీళ్ళలోకి దిగడమేంటయ్యా?"

"ఊరు నీళ్ళలోంచే వస్తుందండీ."

"రేపు రోడ్డు పడుతుంది."

"పడ్డాక అటూ మెట్లు కడదాం సార్."

ఆయన వీరమ్మ గారి వైపు తిరిగారు. "ఏమ్మా, గోడ కడితే మీకేం నష్టం? పైన బడి ఉంటుంది కదా."

"గోడ కడితే గాలెక్కణ్ణించి వస్తుందండీ? తమరొచ్చి ఊదుతారా?"

ఎవరో కిసుక్కుమన్నారు. పార్థసారథి గారి మెడ ఎర్రబడింది. పడవలవాళ్ళని పిలిచారు. "ఆ పడవలు ఎప్పుడు తిరగేస్తారు?"

"తారు ఆరాలి కదండీ" అన్నాడొకడు, చాలా వినయంగా.

"ఎప్పటికి ఆరుతుంది?"

"ఆయ్, మార్చి ఆఖరు దాకా పడుతుందండీ."

మీరు ఉద్యోగానికి కొత్త కాబట్టి చెప్తున్నాను. మార్చి ఆఖరుకి ఖర్చుపెట్టని గ్రాంటు మురిగిపోతుంది. ఆ సంగతి ఆఫీసులో గుమాస్తాలకి తెలుస్తుంది గాని, కొల్లేట్లో పడవ నడిపేవాడికెలా తెలుస్తుంది? పార్థసారథి గారు నావైపు చూశారు. నేను కొల్లేటివైపు చూశాను. ఆ రోజు నీటికోళ్ళు చాలా వచ్చాయి, చూడముచ్చటగా ఉంది.

ఆయన తిరిగి వెళ్తూ ఒక్క మాటన్నారు. "కాంక్రీటు నిలబడుతుందయ్యా, మనుషుల ఇష్టాలు నిలబడవు. పదేళ్ళకి ఈ వలలూ ఉండవు, ఈ గొడవా ఉండదు. అప్పుడు ఈ ఖాళీ నీ తెలివితక్కువతనానికి గుర్తుగా మిగులుతుంది."

ఉద్యోగం పోలేదు. నల్లజర్లకి బదిలీ అయింది. నీళ్ళవాణ్ణి మెట్టకి తోలారు. ఊళ్ళో కల్వర్టులు, బావులు. తువ్వాలు తలకి చుట్టుకుని ఎండలో పని చేశాను, ఆ కల్వర్టులూ ఇంకా ఉన్నాయి. మార్చి వెళ్ళిపోయింది. గ్రాంటు మురిగింది. గట్టు మీది ఇటికలు ఏమయ్యాయో నేను చెప్పను. ఏప్రిల్లో పడవలు తిరగేశారు.

నైలాను వలలు

పార్థసారథి గారి మాటలో సగం నిజమైంది. నూలు వలలు పోయి నైలాను వలలు వచ్చాయి. నైలాను వల ఆరబెట్టక్కర్లేదు, తడి మీద మూల పడేసినా కుళ్ళదు. అంటే కొక్కేలతో పని లేదు. అయినా కొంగలలంకలో ఇవాళ్టికీ వలలు ఆ కొక్కేలకే తగిలిస్తారు. ఒకసారి అడిగాను, ఎందుకండీ అని. "మరెక్కడ పెడతాం?" అన్నారు, నేనేదో పిచ్చి ప్రశ్న వేసినట్టు.

ఏ కొక్కెం ఏ ఇంటిదో ఊరంతటికీ తెలుసు. తండ్రి కొక్కెం కొడుకుది. అన్నదమ్ములు వేరుపడితే కొక్కెం ఎవరిదని రోజంతా పంచాయితీ. కొత్తకోడల్ని తెచ్చినప్పుడు ఇంట్లోకి తీసుకెళ్ళే ముందు మేడ కిందకి తెచ్చి, "అదిగో మన కొక్కెం" అని చూపిస్తారు. నేను నేర్పలేదు అవన్నీ. నేను కడ్డీ వంచి పెట్టించానంతే.

వరదలప్పుడు ఊరంతా పైన హాల్లో. ఒక తరం పిల్లలు అక్కడ చదువుకున్నారు. వీరమ్మ గారు పోయినప్పుడు కూడా మేడ కిందే కాసేపు దింపి, తర్వాత పడవెక్కించారట.

ఏలూరులో నాకొక స్నేహితుడున్నాడు, రామ్మోహన్, కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. బాగా చదువుకున్నవాడు. మేడ కూల్చేస్తారన్న కబురు వచ్చినప్పుడు నేను ఏడుపు మొహంతో వెళితే, "కాంక్రీటు డబ్బా మీద ప్రేమేంటోయ్? పాత పెంకుటిల్లో, చెక్కిన స్తంభాలో అయితే అర్థముంది. దానికి ఆత్మ ఎక్కడుంది?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇలాంటి మాట మీరూ వింటారు, అందుకే గట్టిగా చెప్తున్నాను. పెంకుటిల్లు కూడా ఒకనాడు కొత్తదే. దాన్ని కట్టిన రోజున తాటాకిల్లు వాళ్ళు "ఇదేం ఇల్లు, ఆకు వాసన లేదు" అని ఏడిచే ఉంటారు. ప్రేమ పెంకులో ఉండదు, టేకులో ఉండదు. అక్కడ మనిషి రోజూ చేసే పనిలో ఉంటుంది. ఆ పనికి చోటిస్తే సిమెంటుకైనా ఆత్మ వస్తుంది. ఇవ్వకపోతే పాలరాతితో కట్టినా అది గోడౌనే. కొత్తగా కట్టేవాళ్ళని చూసి పాతవే బాగుండేవని నిట్టూర్చేవాళ్ళూ తప్పే, జనానికేం తెలుసని టైపు డిజైను తెచ్చి కుదేసేవాళ్ళూ తప్పే. ఇద్దరూ ఆ చోటులో బతికే మనిషిని ఒక్క మాట అడగరు.

కూల్చాలని పైవాళ్ళు రాసిన కారణమేమిటో తెలుసా? స్తంభాల్లో కొన్నిచోట్ల కాంక్రీటు ఊడి కడ్డీ తుప్పుపట్టింది. నిజమే, ఇన్నేళ్ళయింది, బాగుచెయ్యాలి. కాని రెండో కారణం: "కింది అంతస్తు అంతా వృథాగా ఉంది." అదే మాట! పార్థసారథి గారి ఎర్ర పెన్సిలు ఇంకా ఎవరి జేబులోనో ఉంది. దాని చోట గాజు తలుపులతో రెండంతస్తుల భవనం కడతామని బొమ్మ కూడా గీశారు.

సుజాతని రిపోర్టు రాయమని పంపారు. ఆ అమ్మాయి స్తంభాలు పరీక్ష చేసి, బాగుచేస్తే చాలని రాసింది. పైవాళ్ళు ఒప్పుకోక ఊళ్ళో మీటింగు పెట్టారు, మేడ కిందే. నేను వెళ్దామంటే మా ఆవిడ, "మోకాళ్ళు చూసుకోండి" అని కదలనివ్వలేదు. సుజాతే తర్వాత చెప్పింది.

ఊరివాళ్ళ కోసం కుర్చీలు వేయించారట. ఒక్కరూ కూర్చోలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు స్తంభాల దగ్గరకి వెళ్ళి, ఎవరి కొక్కెం కింద వాళ్ళు నిలబడ్డారట, ముసలివాళ్ళూ, చంకన పిల్లలున్న తల్లులూ అందరూ. నినాదాలు లేవు, అరుపులు లేవు. కుర్చీలన్నీ ఖాళీ.

పెద్దాఫీసరు ఇబ్బందిగా, "ఏంటిది, ధర్నాయా?" అన్నాడట.

వీరమ్మ గారి మనవరాలు మంగ, ఇప్పుడు ఊరికి సర్పంచి, జవాబు చెప్పింది. "కాదండీ. మా చోట్లో మేం నిలబడ్డామండీ. తమరు కూర్చోండి, అవన్నీ మీకే."

ఆ మాట సుజాత నాకు రెండుసార్లు చెప్పింది. ఆ అమ్మాయి కూడా వాళ్ళింట్లో మొదటి గ్రాడ్యుయేటే. నల్లజర్ల దగ్గర రైతుల పిల్ల. రిపోర్టు మార్చి రాయమని పైనుంచి ఎంత చెప్పినా మార్చలేదు. నేనేం నేర్పలేదు, నేర్పానని గొప్పలు చెప్పుకోను. కాని రేపో మాపో ఆ అమ్మాయిని మెట్టకో, అడవికో తోలితే, అక్కడి ఎండ ఎలా ఉంటుందో, దాన్ని ఎలా భరించాలో నన్నడిగితే చెప్తాను.

మీ కోసం చివరిగా ఒకటే. మీ బొమ్మ మీద ఎవరో ఒకరు ఎర్ర పెన్సిలుతో గీత గీస్తారు. ఆ గీత ఏ మనిషి గాలిని ఆపుతుందో చూడండి. ఎవరిదీ ఆపకపోతే కట్టండి, పై ఆఫీసరుతో తగువెందుకు. ఆపితే మాత్రం కట్టకండి. బదిలీ అవుతారు. అవండి! ప్రతి ఊళ్ళోనూ కట్టడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్ళు

కాఫీ చొక్కా మార్చుకోకుండానే ఇదంతా రాశాను. లేవాలి. ఇంకా వీళ్ళకి చెప్పలేదు:

పెంటపాడులో మా తమ్ముడు. వాడు చేలో ఉంటాడు, మరదలు తీస్తుంది, ఆవిడకి చెప్తే ఊరందరికీ చెప్పినట్టే.

నల్లజర్లలో మేస్త్రీ సత్యం కొడుకు. ఆ కొక్కేలు వంచింది వాళ్ళ నాన్న చెయ్యి. కొత్త కడ్డీలు వేసేటప్పుడు పాత కొక్కేలు కదలకుండా చూడమని వాణ్ణే పంపాలి.

రామ్మోహన్. డబ్బాకి ఆత్మ ఉందని ఒప్పుకునేదాకా ఫోన్ పెట్టను.

మంగ. తనకి ఈపాటికి తెలిసే ఉంటుంది, అయినా చెయ్యాలి. నాకూ ఒక కొక్కెం కావాలని అడగాలి. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

వీరమ్మ గారికి ఫోన్ అక్కర్లేదు. ఆవిడ ఆ దిబ్బ మీదే అరిచి ఉంటుంది ఈపాటికి.

ఆఖరున పార్థసారథి గారు. తాడేపల్లిగూడెంలో కూతురింట్లో ఉంటున్నారు. చెవులు బొత్తిగా వినపడవట. ఫర్వాలేదు. వినపడేదాకా అరుస్తాను: "సార్, నేనండీ, నీళ్ళవాణ్ణి! కింద గోడ ఇంకా కట్టలేదండీ! కట్టరండీ!"